సంపూర్ణ దైవము, సంపూర్ణ మానవుడు

హిమాయత్‌నగర్,
హైదరాబాదు.

ప్రభువునందు ప్రియమైన మనవరాలికి తాతయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోనులో చెప్పిన మాట విన్నది మొదలు నాకు నిద్ర పట్టలేదు. ఆ మాట చివర వ్రాసెదను. దేవుడైన ప్రభువును నమ్మినవారికి ఈ మంటిదేహముతో పనియేమని నీవు నన్నడిగితివి గదా, ముందుగా దానికి ప్రత్యుత్తరము.

325లో నికయ సభ కుమారుడు తండ్రితో ఏకతత్త్వము గలవాడని నిశ్చయించినది. ఆ దైవత్వమును కాపాడవలెనన్న ఆతురతతో అపొల్లినారిస్ అనువాడు క్రీస్తునకు మానవమనస్సు లేదని, ఆ స్థానమున దైవవాక్యమే యుండెనని బోధింపగా, ఆయన ధరింపనిది స్వస్థత పొందజాలదని నజియాంజు గ్రెగొరీ వాదించెను. 381లో కాన్‌స్టాంటినోపుల్ సభ ఆ బోధను త్రోసిపుచ్చినది. తుదకు 451లో కల్కెదోను సభ, దైవమానవ స్వభావములు రెండును సంపూర్ణముగా ఒకే వ్యక్తియందు కలగాపులగము గాక, మారక, చీలక, వేరుపడక యున్నవని ప్రకటించినది. కేరళలోని ఆర్థొడాక్సు సోదరులు ఆ సభను అంగీకరింపకున్నను, ఆయన సంపూర్ణముగా దేవుడును మనుష్యుడును అనుటలో మనతో భేదింపరు.

మార్కు సువార్త ఐదవ అధ్యాయమును మరల చదువుము. చనిపోయిన యాయీరు కుమార్తెను చేయిపట్టి లేపిన ప్రభువు, చూచినవారెల్లరు విభ్రాంతులై నిలిచియుండగా, పిల్లకు తినుట కేమైనను పెట్టుడని చెప్పెను. ప్రాణమిచ్చుట దేవుని పని. లేచిన పిల్లకు ఆకలి వేయునని తలచుట ఆకలి యెరిగినవాని పని. ఆ గదిలో రెండును ఒక్కరే చేసిరి.

నా యౌవనమున నేనును నీ చిన్నతాతయు ఆదివారపు సాయంత్రములందు బషీర్‌బాగ్ మీదుగా అబిడ్స్ వరకు నడచుచు, గన్‌ఫౌండ్రీ కేథెడ్రల్ గంటలు వినుచు, ఈ సంగతులే వాదించుకొనెడివారము. నెగ్గువాడు ఎప్పుడును వాడే. వానికి క్షయ వచ్చినది. ఎర్రగడ్డ ఆసుపత్రి మాత్రలతో జ్వరము దిగి, దగ్గు తగ్గి, మరల అన్నము రుచించుచున్న దినములలో, ఊరూర తిరుగు ప్రసంగీకు డొకడు మాత్రలు మ్రింగుట అవిశ్వాసమని చెప్పగా వాడు మానివేసినాడు. మరుసటి వానలు వాడు చూడలేదు. చిన్నప్పుడు నీవు ట్రంకుపెట్టెలోని గోధుమరంగు గాజుసీసాతో ఆడుకొనబోగా మీ నాయనమ్మ చేతినుండి లాగికొన్నది జ్ఞాపకమున్నదా? అందున్నవి వాడు మ్రింగక మిగిల్చిన మాత్రలు. వాని విశ్వాసమునకు కొరత లేదమ్మా. వానికి బోధింపబడిన క్రీస్తుకు దేహము లేదు.

నేడు చేతిఫోనులో గడియకొక స్వస్థత ప్రసంగము వచ్చును గాని, ప్రశ్నోత్తరి పట్టుకొని పాస్టరుగారి యెదుట నెలల తరబడి కూర్చుండు ఓపిక ఎవరికిని లేదు. 1883లో గుంటూరుకు వచ్చి 1898లో ఆసుపత్రి తెరచిన డాక్టర్ అన్నా కుగ్లరు, 1915లో డిచ్‌పల్లిలో కుష్ఠరోగులకు ఆసుపత్రి నెలకొల్పిన డాక్టర్ ఇసబెల్ కెర్ దేహధారియైన ప్రభువునే కొలిచినవారు. ఆయన దాల్చిన దేహమును వారు రోగులయందు గౌరవించిరి. నీ దేహమును నీవును అట్లే గౌరవింపవలెను.

ఇక మీ అమ్మ చెప్పిన మాట. ఫ్రిజ్‌లో ఇన్సులిన్ సీసా మూత తీయకుండ ఉన్నదట. నీవు ఉపవాస ప్రార్థనలో ఉన్నావట. ఈ లేఖ తెచ్చిన మీ అన్నతో ఇప్పుడే ఆసుపత్రికి పొమ్ము. మానిన సూదికి మోతాదు నీవే ఊహించి వేసికొనవద్దు. డాక్టరు చెప్పినట్లు చేయుము. వాంతులుగాని ఆయాసముగాని యున్నచో ఆ సంగతి మొదటనే చెప్పుము. ప్రార్థన మానుమని నేననను. ఉపవాసము మాత్రము నేటితో ముగింపుము. ఎవరైన అడ్డు చెప్పినచో నాతో మాట్లాడమనుము. చక్కెర ఎంత ఉన్నదో, డాక్టరు ఏమి చెప్పినాడో, ఆసుపత్రినుండే నాకు ఫోను చేసి చెప్పవలెను.

ఇట్లు,
మీ తాతయ్య.