తప్పు తాగినవాడిదేనా?



మత్తుకు బానిసైన మనిషిని చూడగానే "చేజేతులా చేసుకున్నాడు" అనేస్తాం. ఆ తీర్పు ఎంతవరకు న్యాయం?

తాండూరు నాపరాయి గనుల్లో రోజంతా బండలు మోసిన కూలీని తలచుకోండి. పొద్దుగూకాక నలుగురితో కూర్చోవడానికి అతనికి కల్లు దుకాణం తప్ప వేరే చోటేది? తండ్రి తాగాడు, మేనమామ తాగాడు, పండుగనాడు చుట్టాలకూ పోశారు. అతని దృష్టిలో అది వ్యసనం కాదు, ఆచారం.

కాని ఆ సీసాలో ఉన్నది కల్లేనా? ఈత, తాటిచెట్లు తక్కువ, తాగేవారు ఎక్కువ. అందుకే మత్తుకోసం క్లోరల్ హైడ్రేట్, డైజపామ్, అల్ప్రాజోలం కలుపుతున్న ఉదంతాలు తెలంగాణలో ఎన్నో బయటపడ్డాయి. కొత్త మత్తు పాత ముంతలోనే వచ్చింది. 2021 జనవరిలో వికారాబాద్, నవాబుపేట మండలాల పల్లెల్లో కల్లు తాగిన వందమందికి పైగా అస్వస్థులయ్యారు. అంతకుముందు 2015లో ప్రభుత్వం కల్తీని అరికట్టినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో ఎందరో చేతులు వణికి, ఫిట్స్ వచ్చి, మతి తప్పి ఆసుపత్రుల పాలయ్యారు. తాము మందుకు బానిసలమని వారిలో ఎందరికి తెలుసు?

మరి తాగినవాడికి బాధ్యత లేదా? ఉంది. ఇంటిని పస్తు పెట్టి తాగినవాడు జవాబు చెప్పవలసిందే. అయితే ఒక్క సంగతి గమనించండి. వియత్నాం యుద్ధం నుండి 1971లో తిరిగివచ్చిన అమెరికా సైనికులను లీ రాబిన్స్ అనే పరిశోధకురాలు పరిశీలించారు. అక్కడ హెరాయిన్‌కు బానిసలైనవారిలో అత్యధికులు ఇల్లు చేరాక మళ్లీ ఆ వ్యసనంలో పడలేదు. మనుషులు వారే, చుట్టూ ఉన్న లోకం మారింది.

మన కూలీకి ఆ అవకాశం లేదు. రేపు కూడా అతను అదే ఊళ్లో, అదే దుకాణం ముందు నుండే నడవాలి. అతను ఊరు మారలేడు కనుక ఊరే మారాలి. చెట్టెక్కి కల్లు గీసే కార్మికుణ్ణి నిందించమని కాదు, పొడి కలిపేవాణ్ణి చూసీ చూడనట్టు ఊరుకోవద్దని నా మనవి.

శుభకార్యాల్లో పిల్లల నోటికి కల్లు అందించకండి. అలవాటుపడినవాణ్ణి ఒక్కసారిగా మాన్పించడం ప్రమాదం, వైద్యుని వద్దకు తీసుకువెళ్లండి. కల్తీ అని తెలిస్తే ఎక్సైజ్ అధికారులకు చెప్పండి. మీ విచారణలో యువకులు సాయంత్రాలు కలుసుకోవడానికి ఒక చోటు చూపించండి.

ఇవేవీ చేయకుండా "చేజేతులా చేసుకున్నాడు" అనే హక్కు మనకుందా? ఈ ఆదివారం ఇంటిల్లిపాదీ కూర్చుని ఆలోచించండి.