తగవుకు సాక్షి పేకముక్కా?

తండ్రి వదిలి వెళ్ళిన ఇంటి పంపకంలో అన్నదమ్ములిద్దరికీ మాట పట్టింపు వచ్చిందనుకుందాం. ఒకరి గడప ఒకరు తొక్కడం మానేశారు. రాత్రి నిద్రపట్టని తమ్ముడు సెల్‌ఫోన్‌లో టారో కార్డులు చూపే యాప్ తెరిచాడు. ఐదుగురు యువకులు కర్రలెత్తి కలబడుతున్న బొమ్మ వచ్చింది. దగ్గరివారే పోటీకి దిగారని దాని కింద రాసి ఉంది. 'అన్న గురించి నేననుకున్నదే నిజమన్నమాట!' అనుకున్నాడు తమ్ముడు.

ఇంతకూ ఆ బొమ్మ ఎక్కడిది? 78 ముక్కల టారో 15వ శతాబ్దంలో ఇటలీలో పేకాట కోసం పుట్టింది. దానితో జోస్యం చెప్పడం 18వ శతాబ్దంలో ఫ్రాన్సులో ప్రచారంలోకి వచ్చింది. ఈ కర్రల బొమ్మను 1909లో లండన్‌లో వెలువడిన కట్ట కోసం పమేలా కోల్‌మన్ స్మిత్ అనే చిత్రకారిణి గీసింది. ఆ కట్టను రూపొందించిన ఆర్థర్ ఎడ్వర్డ్ వెయిట్ అది ఉత్తుత్తి పోరాటమని చెబుతూనే, సంపద కోసం జరిగే పెనుగులాట అనే అర్థం కూడా ఇచ్చాడు.

అంటే అదే బొమ్మ ఆటా కావచ్చు, పోరూ కావచ్చు. ఏదో తేల్చేది చూసేవాడి మనసే. కోపంతో చూసినవాడికి అందులో శత్రువే కనిపిస్తాడు. మన వీధుల్లో చిలక తీసే కార్డు సంగతీ ఇంతే.

"మేము జోస్యం నమ్మం, మా మనసు తెలుసుకోవడానికే చూస్తాం" అని కొందరంటారు. ఆత్మపరిశీలన మంచిదే. కానీ తగవులో మన మనసు కూడా ఒక కక్షిదారే కదా! పేకముక్క దాని మాటనే దానికి తిరిగి వినిపిస్తుంది. అన్న మాట మాత్రం ఎవరూ వినలేదు. సంజాయిషీ అడగకుండానే అతను దోషి అయిపోయాడు. ఇది జోస్యమే కాదు, అన్యాయం కూడా.

అజ్ఞాన కాలపు అరబ్బులు బాణాలు తీసి తమ వ్యవహారాలు తేల్చుకునేవారు. మాయిదా సూరా 90వ ఆయతు ఆ పద్ధతిని మద్యం, జూదాలతో పాటు షైతాన్ పనిగా పేర్కొని, దానికి దూరంగా ఉండమంది. అగోచర జ్ఞానం అల్లాహ్‌కే చెందుతుంది. జోస్యుని వద్దకు పోయి అడిగినవాని నమాజు 40 రాత్రుల వరకు స్వీకరించబడదని దైవప్రవక్త (స) హెచ్చరించినట్లు సహీహ్ ముస్లింలో ఉంది. ఇక హుజురాత్ సూరా విశ్వాసులను సోదరులుగా పేర్కొని, వారి మధ్య సంధి చేయమంటుంది, అనుమానాలకు దూరంగా ఉండమంటుంది.

మరి తమ్ముడు ఏం చేయాలి? వాటాల సంగతి నిసా సూరా 11, 12 ఆయతుల్లో ఉంది. లెక్క తెలియకపోతే ఆలిమ్‌ను అడగాలి. మనసు తేలికపడకపోతే రెండు రకాతులు నమాజు చేసి అల్లాహ్‌నే వేడుకోవాలి. తోటి ముస్లింతో మూడు రోజులకు మించి మాటలు మానుకోవడం ధర్మసమ్మతం కాదని, ముందుగా సలాం చేసినవాడే మేలైనవాడని హదీసు తెలుపుతోంది.

అన్న ఉద్దేశం తెలిసేది అన్న నోటనే. ఫోను పక్కనపెట్టి, తలుపు తట్టి, "అస్సలాము అలైకుమ్, భాయ్‌జాన్" అనడానికి ఏ ముక్కా తీయనక్కర్లేదు. కావలసింది కాస్త అహం దించుకోవడమే. అల్లాహ్ మనందరికీ ఆ భాగ్యం ప్రసాదించుగాక! ఆమీన్.