తెలియక పడిన బాకీ

రూపం చూసి మనిషిని తూచకూడదంటాం గాని, పక్షుల దగ్గరికి వచ్చేసరికి ఆ నియమం మరిచిపోతాం. కోకిలకు వసంతాన్నీ, హంసకు వివేకాన్నీ ఇచ్చి, రాబందుకు తిట్టు ఒక్కటే మిగిల్చాం. అప్పిచ్చి పీడించేవాణ్ణి రాబందు అంటాం. కన్నడిగులు రణహద్దు అన్నా, తమిళులు పిణందిన్ని కళుగు అన్నా, మరాఠీవారు గిధాడ అన్నా ఏవగింపు ఒక్కటే. నాలుగు భాషల మధ్య బతికే మనకు ఆ ఏకాభిప్రాయం బాగా తెలుసు. అప్పులూ వడ్డీల మధ్యే ఉద్యోగం చేస్తున్నవాణ్ణి కనుక, ఈ పోలికలో న్యాయమెంతో లెక్క చూద్దామనిపించింది.

ముందు పైరూపం. బోడి తల, బోసి మెడ. కళేబరం లోపలికి తల దూర్చి తినే ప్రాణికి అక్కడ ఈకలుంటే నెత్తురూ కుళ్ళూ అంటుకుని ఎండిపోతాయి. ఒంట్లోని వేడిని వదిలించుకోవడానికీ ఆ బోసి మెడే సాయం. రెండు మీటర్లకు అటూ ఇటూ సాగే రెక్కలను దాదాపు ఆడించకుండానే, పైకి లేచే వేడిగాలి మీద గంటల తరబడి తేలుతుంది. మనకు వికారమనిపించినదంతా దానికి అవసరం.

ఇక లోపల. పక్షి ఊపిరి మన ఊపిరి వంటిది కాదు. ఊపిరితిత్తులకు తోడు గాలి సంచులున్నాయి. అందువల్ల గాలి ఊపిరితిత్తుల్లో ఒకే దిక్కుగా సాగుతుంది, పలచని గాలిలోనూ ప్రాణం నిలుస్తుంది. 1973లో పశ్చిమ ఆఫ్రికాలో, మన రాబందులకు దాయాది అయిన ఒక పక్షి 37,000 అడుగుల ఎత్తున విమానానికి తగిలింది. కడుపులో ఘాటైన ఆమ్లం ఉంటుంది, కుళ్ళిన మాంసంలోని సూక్ష్మజీవులు చాలావరకు అక్కడే చస్తాయి. మూత్రపిండాలున్నా మూత్రాశయం లేదు. రక్తంలోని మలినాన్ని యూరిక్ ఆమ్లంగా మార్చి, తెల్లటి ముద్దగా విసర్జిస్తుంది. రెట్టలో మనం చూసే తెలుపు అదే. నీళ్ళ బరువు మోయకుండా ఎగరడానికి పక్షిజాతి చేసుకున్న ఏర్పాటు ఇది.

కుళ్ళుకు చావని ఈ ప్రాణి నొప్పి మందుకు చచ్చింది. 1990లలోనే భరత్‌పూర్ పక్షి ఆశ్రయంలో రాబందులు తగ్గిపోవడం శాస్త్రజ్ఞులు గమనించారు. కారణం 2004లో బయటపడింది. పశువులకిచ్చే డైక్లోఫెనాక్ మందు, చచ్చిన పశువు మాంసం ద్వారా రాబందు ఒంట్లోకి చేరి మూత్రపిండాలను పాడు చేస్తుంది. బయటికి పోవలసిన యూరిక్ ఆమ్లం గుండె మీద, కాలేయం మీద సున్నంలా పేరుకుంటుంది. వంద కళేబరాల్లో ఒక్కదానికంటే తక్కువ వాటిలో ఈ మందున్నా జాతి కూలిపోవడానికి చాలునని లెక్క తేలింది. 1992 నుంచి 2007 లోపల తెల్లవీపు రాబందులు మన దేశంలో వెయ్యికి ఒకటిగా మిగిలాయి.

ఇక్కడే నా సందేహం. సూది వేయించిన రైతు దయతోనే వేయించాడు. ఆవు బాధ చూడలేక చేసిన పనికి ఎక్కడో ఆకాశంలో ఒక జాతి అంతరించబోతే ఆ పాపం ఎవరిది?

మనసు మంచిదైతే దోషం లేదనడం తేలిక. ఫలితం చెడ్డదైతే దోషమేననడమూ తేలికే. ఆదిపర్వంలోని మాండవ్యుడి కథ ఈ రెంటికీ లొంగదు. పసితనంలో పురుగులను పుల్లతో గుచ్చినందుకు ఆ ముని కొరత మీద బాధపడ్డాడు. ఇది అన్యాయమని యమధర్మరాజునే శపించి, పద్నాలుగేళ్ళలోపు చేసినది పాపం కాదని హద్దు గీశాడు. తెలియనితనానికి ఎల్లకాలం మాఫీ ఉందని ఆయన అనలేదు. దానికొక గడువు పెట్టాడు.

మా బ్యాంకు లెక్కల్లోనూ అలాంటి ఏర్పాటుంది. ఎవరి పద్దో తేలని మొత్తాన్ని సస్పెన్స్ ఖాతాలో వేస్తాం. తేలిన రోజునే దాన్ని అసలు ఖాతాకు మార్చాలి. తేలాక కూడా అక్కడే ఉంచితే ఆడిటరు ఊరుకోడు.

మన సమాజానికి ఆ పద్నాలుగేళ్ళు 2004లో నిండాయి. 2006లో పశువులకు ఆ మందు వాడకం నిషేధించారు. అయినా మనుషుల కోసం తయారైన పెద్ద సీసాలు పశువులకు చేరుతూనే వచ్చాయి. మనుషుల సూదిమందును 3 మిల్లీలీటర్లకు పరిమితం చేసేసరికి 2015 అయింది. ఇదే హాని చేసే కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్‌లను పశువులకు నిషేధించినది 2023లో. ఆవునా, రాబందునా అనే ధర్మసంకటం కూడా లేదు. మెలాక్సికామ్ రాబందులకు హాని చేయదని 2006లోనే తేలింది. అప్పట్లో దాని ధర కాస్త ఎక్కువ, అంతే తేడా.

అయితే బాకీ అందరికీ సమానం కాదు. పల్లెలోని రైతుకు 2004 నాటి సంగతి ఎవరు చెప్పారు? తెలిసి తయారు చేసినవాడిది ఎక్కువ, తెలిసి అమ్మినవాడిది ఆ తరువాత, చదివి ఊరుకున్న మనది ఆ తరువాత. రైతుది అందరికంటే తక్కువ. మా శాఖలో పాడి పశువుల అప్పు తీసుకున్న రైతు, పశువు చచ్చిపోతే చెవి బిళ్ళా, డాక్టరు సర్టిఫికెట్టూ తెచ్చి ఇస్తాడు. బీమా సొమ్ము వస్తుంది, ఫైలు మూస్తాం. ఆ కళేబరం ఎటు పోయిందని అడిగే గడి ఏ ఫారంలోనూ లేదు. ఒకప్పుడు ఆ గడిని జీతం అడగకుండా నింపినది రాబందే. అది లేకపోవడం వల్ల కుళ్ళు పెరిగి, కుక్కలు పెరిగి, 2000–2005 మధ్య ఏటా సుమారు లక్షమంది అదనంగా చనిపోయారని ఇద్దరు ఆర్థికవేత్తలు 2024లో అంచనా కట్టి ప్రచురించారు. ఆ మొత్తం ఏ బ్యాలెన్స్ షీటులోనూ లేదు.

ఈ బాకీ తొందరగా తీరేది కాదు. రాబందు ఏడాదికి ఒక్క గుడ్డే పెడుతుంది, పిల్ల ఎదిగి జత కట్టడానికి అయిదేళ్ళు పడుతుంది. కర్ణాటకలో రామనగరం దగ్గరి రామదేవరబెట్టను 2012లో రాబందుల అభయారణ్యం చేశారు. తమిళనాట మోయారు లోయలోనూ కొన్ని మిగిలాయి. కొండలు కాపాడితే చాలదు, వాటి తిండినీ కాపాడాలి. మనలో పశువులున్నవారు, చుట్టాల్లో పశువులున్నవారు చాలామంది ఉన్నారు. ఈసారి డాక్టరు సూది తీసినప్పుడు సీసా మీద ఏ మందు పేరుందో అడగండి. తెలిసినవాడు కట్టవలసిన మొదటి వాయిదా అది.