గోపురం ఆగిన చోట

జర్మనీలో డాన్యూబ్ నది ఒడ్డున ఉల్మ్ అనే నగరం ఉంది. ఒకప్పుడు దాని చర్చి కోటగోడకు అవతల ఉండేది. 1376లో చక్రవర్తి నాలుగో చార్లెస్ నగరాన్ని ముట్టడించినప్పుడు జనానికి గుడికి పోయే దారి కూడా లేకపోయింది. మరుసటి ఏడాదే వాళ్లు గోడ లోపల కొత్త చర్చికి పునాదిరాయి వేశారు. ఏ రాజూ డబ్బివ్వలేదు. ఖర్చంతా ఊరివాళ్లదే.

ఉన్నదల్లా పది వేల జనాభా. అయినా ఆశ మాత్రం ఆకాశమంత! స్థపతి ఉల్రిచ్ ఫోన్ ఎన్సింగెన్ మహా గోపురం తలపెట్టాడు. తరవాత వచ్చిన మత్తెయుస్ బ్యోబ్లింగర్ ఇంకా అందమైన శిఖరాన్ని గీశాడు. గోపురం లేస్తోంది. 1490ల తొలినాళ్లలో, లోపల జనం ప్రార్థనలో ఉండగా, పైనుంచి రాళ్లు ఊడి పడ్డాయి. బ్యోబ్లింగర్ ఊరు వదిలి వెళ్లిపోయాడు.

అప్పుడు ఆగ్స్‌బర్గ్ నుంచి బుర్‌ఖార్డ్ ఎంగెల్‌బెర్గ్ వచ్చాడు. ఆయన చూపు శిఖరం మీద నిలవలేదు, నేల మీదికి దిగింది. గోపురం పునాదిని బలపరిచాడు. పక్కన తెరిచి ఉన్న కమానులను రాతితో మూయించాడు. మరీ వెడల్పుగా ఉన్న పక్క నడవల మధ్య సన్నని స్తంభాల వరస నిలిపి, ఒక్కో నడవను రెండుగా చేశాడు. కప్పు బరువు పంచుకునేందుకు చేసిన ఆ ఏర్పాటే ఇవాళ ఆ చర్చిలో కన్ను తిప్పుకోలేనంత అందమైన భాగం. అవసరం కోసం చేసిన పని ఇంత అందంగా రావడం అరుదు.

1543లో పని ఆగిపోయింది. గోపురం వంద మీటర్ల దగ్గర, మొండిగా మూడు వందల ఏళ్లు నిలిచింది. కానీ ఊరు బ్యోబ్లింగర్ గీసిన బొమ్మను పారేయలేదు. 19వ శతాబ్దంలో మళ్లీ పని మొదలైనప్పుడు దానినే ఆధారం చేసుకున్నారు. 1890లో శిఖరం పూర్తయింది. ఎత్తు 161.5 మీటర్లు. బార్సిలోనాలోని సగ్రదా ఫమీలియా దాటేవరకు ప్రపంచంలో అంత ఎత్తైన చర్చి మరొకటి లేదు.

నీతి: ఎత్తుకు పోవాలనుకునేవాడు ముందు ఆ బరువు మోసేదాన్ని చూసుకోవాలి. కట్టినవాడికి దక్కే గౌరవం, కూలకుండా కాపాడినవాడికీ దక్కాలి.

ఎప్పుడైనా ఉల్మ్ వెళ్తే, గోపురం 768 మెట్లు ఎక్కే ముందు పక్క నడవల్లోకి వెళ్లి ఎంగెల్‌బెర్గ్ స్తంభాలను చూడండి.