ప్రాణమున్న బొమ్మ

మరీ చిన్న కుక్కల జాతులకు ఇంగ్లీషువాళ్లు పెట్టిన పేరు ‘టాయ్’. అంటే బొమ్మ! నిర్మల్ కొయ్యబొమ్మలు చూస్తూ పెరిగినవాళ్లం, బొమ్మంటే ఏమిటో మనకొకరు చెప్పాలా? పొనికి చెక్కతో చేసిన ఆ బొమ్మను గాజు బీరువాలో పెట్టి తాళం వేస్తే దానికి పోయేదేమీ లేదు. పైగా రంగు చెడకుండా ఉంటుంది. ప్రాణమున్న బొమ్మతోనే వస్తుంది చిక్కంతా.

కరీంనగర్‌లో మా వీధి చివరింట్లో ఒక చివావా ఉంది. ఎక్కడో మెక్సికోలోని ఒక రాష్ట్రం పేరు అది. రెండు కిలోలు తూగుతుందో లేదో! పాలుపోసే ముసలమ్మ మొదటిసారి చూసి, “గిది కుక్కనా, ఉడుతనా బిడ్డా?” అని నోరు వెళ్లబెట్టింది. ఆ ఇంటి పెద్దాయనకు మాత్రం అదంటే పంచప్రాణాలు. గేటు కమ్మీల సందులోంచి దూరిపోతుందని అడుగున వల కట్టించాడు. మేడమెట్లకు చెక్క అడ్డం. సోఫా మీంచి దూకితే ముంగాలి ఎముక పుటుక్కుమంటుందని పక్కనే ఓ ఎత్తుపీట. మెడపట్టీ లాగితే గొంతు నొక్కుకుంటుందని ఛాతీకి వేసే పట్టీ. పండక్కొచ్చిన పిల్లలకు ఒకటే ఆజ్ఞ: కింద కూర్చుని ముద్దు చేయండి, ఎత్తుకుని నిలబడొద్దు. చాక్లెట్టూ, ద్రాక్షా, ఉల్లిపాయా ఏ కుక్కకైనా చేటే; అంత చిన్న ఒంటికి చిన్న ముక్కే ఎక్కువ. చాదస్తమని నవ్వేవాళ్లు నవ్వుతారు గానీ, ఇందులో అనవసరమైనది నాకొక్కటీ కనబడలేదు.

గొడవల్లా గేటు దగ్గరే.

“తాతా, దాన్ని బయటికి తీస్కపోదామే!” అంటుంది మనవరాలు.

“బయట కోతులున్నయి, కుక్కలున్నయి, బండ్లున్నయి. నీకేం ఎరుక?” అంటాడాయన.

ఆయన భయం ఉత్తది కాదు. కోతుల బెడద తట్టుకోలేక నిర్మల్ దగ్గర చించోలిలో 2020లో వాటికో పునరావాస కేంద్రమే తెరవాల్సివచ్చింది కదా! ఇక రామగుండం వైపు ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. ఆ వేళ తారురోడ్డు మీద మీ అరచెయ్యి ఆనించి చూడండి. మీరు ఓర్చుకోలేని వేడిని దాని పాదాలెలా ఓర్చుకుంటాయి? చలికాలం ఆదిలాబాద్‌లో 5 డిగ్రీలకు దిగిన రాత్రులున్నాయి. చిన్న ఒళ్లు ఇట్టే చల్లబడిపోతుంది.

అసలు ఆ ప్రాణి అంత అల్పంగా ఎందుకుంది? మనిషికి ముచ్చటేసి చిన్నవాటినే ఏరి ఏరి జత కట్టించాడు గనుక. 1888లో విక్టోరియా రాణి ఫ్లారెన్స్ నుంచి చిన్న పొమరేనియన్ తెచ్చుకుంటే, ఆ తర్వాత అలాంటివాటికే గిరాకీ పెరిగింది. ఇంకా చిన్నది, ఇంకా చిన్నది! దాని బలహీనత మన సరదా పెట్టిన బాకీ అన్నమాట. మరి వీధికుక్క మొరిగితే “ఈ కుక్కల్ని ఇక్కణ్ణించి తోలేయించండి” అంటామే, అదేం న్యాయం? అది తన చోట తాను బతుకుతోంది. రేబిస్ టీకా దానికీ వేయించాలి, దీనికీ వేయించాలి. అంతేగానీ మన ముచ్చట కోసం దాని నీడ లాక్కుంటామా?

ఇంకోమాట. ప్రాణం కాపాడితే బాకీ తీరిపోతుందా? కుక్కకు లోకమంటే వాసన. నాలుగు గోడల మధ్య ఫినాయిలు వాసన తప్ప మరొకటి ఎరగని కుక్క, కళ్లకు గంతలు కట్టుకుని కూర్చున్న మనిషితో సమానం. బయట ప్రమాదముందని లోపల కూర్చోబెట్టడం ఆడవాళ్లకు కొత్త సంగతేం కాదు లెండి. మనకు గడియ తీసుకునే చెయ్యయినా ఉంది.

ఆ ఇంట్లో చివరికి రాజీ కుదిరింది. ఎండెక్కకముందే మనవరాలు దాన్ని చంకనెత్తుకుని మలుపుదాకా తీసుకెళ్లి, మనుషులూ బండ్లూ లేనిచోట దింపుతుంది. పెద్ద కుక్కేదైనా వస్తే పరుగెత్తకుండా, అరవకుండా ఎత్తుకోవాలని తాత షరతు. పది అడుగుల వెనక గొడుగు పట్టుకుని ఆయనా హాజరే. నిన్న ఒక్క కరెంటు స్తంభం దగ్గరే పావుగంట వాసన చూసిందట అది.

“ఏమున్నదే అంతగనం అక్కడ?” అని విసుక్కుంటూనే, కదిలేదాకా నిలబడ్డాడట పెద్దాయన.