దోషం లేని అసత్యం: ఆంగ్లేయుల గంటావాదనంలో ఒక నైతిక ప్రశ్న

ఇంగ్లండులోని నార్విచ్ నగరంలో సెయింట్ పీటర్ మాన్‌క్రాఫ్ట్ చర్చి గోపురంలో 1715 మే 2న ఏడు గంటల స్థానాలను మారుస్తూ 5040 వరుసలను ఎడతెగకుండా మోగించారు. సత్యంగా సాగిన తొలి సంపూర్ణ వాదనం ఇదేనని అక్కడి ఫలకం ప్రకటిస్తున్నది. ఇక్కడ 'సత్యం' పారిభాషిక పదం. ఏ వరుసా రెండవసారి రాకుంటే వాదనం సత్యం. ఒక్కటి పునరుక్తమైనా అసత్యం.

సంగీతశాస్త్రం ఎరిగినవారికి 5040 కొత్త సంఖ్య కాదు. 13వ శతాబ్దిలో శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరంలో సప్తస్వరాల కూటతానాలను లెక్కించినపుడు వచ్చిన సంఖ్యా ఇదే. అయితే వ్రాతలో చేసే ప్రస్తారంలో తప్పు దొర్లితే దిద్దుకోవచ్చు. గోపురంలో ఆ వీలు లేదు. బరువైన గంట ప్రతిసారీ పూర్తి చుట్టు తిరగాలి కనుక, తరువాతి వరుసలో అది ఉన్నచోటనే ఉంటుంది, లేదా ఒక్క స్థానం మాత్రమే జరుగుతుంది. తాడు పట్టిన ప్రతివారూ ఎదుట కాగితం లేకుండా క్రమాన్ని ధారణలో నిలుపుకోవాలి. (అవధానం చూచినవారికి ఈ ధారణ విలువ వేరుగా చెప్పనక్కరలేదు.)

వీధిలో నడిచే నగరవాసికి ఏ వరుస తిరిగి వచ్చిందో తెలియదు. మరి, ఎవరూ గుర్తించని పునరుక్తి వలన ఎవరికి నష్టం? ఫలితాన్ని బట్టి ధర్మాన్ని నిర్ణయించేవారు నష్టం లేదనే అంటారు. వాదకుల ఆచారం అందుకు భిన్నం. అసత్యమని ఏళ్ల తరువాత తేలినా ఆ వాదనాన్ని గణన నుండి తొలగిస్తారు. వాదకులలో ఒక్కరూ పొరపడకపోయినా, వరుసల కూర్పులోనే పునరుక్తి దాగి ఉంటే, గంటల తరబడి పడిన శ్రమ అంతా లెక్కకు రాదు. మన నీతిచర్చలో అసత్యం సాధారణంగా వక్త ఉద్దేశంతో ముడిపడి ఉంటుంది. తెలియక పలికిన దానిని పొరపాటు అంటామే గాని అబద్ధం అనము. ఇక్కడ దురుద్దేశం లేదు, వాదకుని దోషం లేదు. అసత్యం మాత్రం ఉన్నది.

ఇది కఠినమే, అన్యాయమని మాత్రం నేను భావించను. రద్దయినది వాదకుల నైపుణ్యం కాదు, వారి పేరిట నిలిచిన ఒక ప్రకటన. శ్రమ మీది జాలితో దానిని ఉండనిస్తే తక్కిన ఫలకాల మాటకూ విలువ తగ్గుతుంది. ప్రక్షిప్తమని తేలిన పద్యాన్ని, అది ఎంత రమ్యమైనదైనా, కవి పేరు నుండి వేరుచేసే పరిష్కర్త చేసేదీ ఇదే. కాకపోతే పరిష్కర్తకు ఆ పద్యాన్ని అనుబంధంలో చేర్చే అవకాశం ఉంటుంది. గంటలు మోగించినవారికి అదీ లేదు. వారు చేయగలిగిందల్లా మరొక రోజున మొదటి వరుస నుండి మళ్లీ మోగించడమే.