అరికాలికి ఎన్ని పొరలు?

ఎగువ అహోబిలంలో జ్వాలా నరసింహుడి దగ్గర్నుంచి ఉగ్రస్తంభానికి ఎక్కేవాళ్లలో చాలామంది వట్టికాళ్లతోనే ఉంటారు. చీలమండ దాటిన నా బూట్లు చూసి, "ఏం సార్, దేవుడి కొండకి బూట్లా?" అంటారు. భూగర్భశాఖ ఉద్యోగంలో నల్లమల రాళ్లు తొక్కినవాణ్ణి. ఇక్కడిది క్వార్ట్‌జైట్. విరిగిన చోట అంచు తెగ్గోస్తుంది, భవనాశిని నీళ్లకు పాచిపట్టిన చోట కాలు నిలవదు.

తిన్నడు చెప్పుకాలే లింగం మీద ఆనించాడు కదా, శివుడేమన్నా అన్నాడా అని నవ్వేస్తాను. అది వాళ్ల నోరు మూయించడానికి. ప్రశ్న మాత్రం అలాగే ఉంటుంది: కాలి నొప్పి తగ్గించుకుంటే పుణ్యమూ తగ్గుతుందా?

దీన్ని పట్టించుకుని తేల్చినవాడు, నాకు తెలిసి, బుద్ధుడు. చంపానగరం సోణుడు శ్రీమంతుల బిడ్డ. భిక్షువై, నెత్తురు కారేదాకా నడుస్తూ ధ్యానం చేశాడు. బుద్ధుడు అతనికి చెప్పిన వీణ తీగల పోలిక అందరూ చెబుతారు. ఆ తర్వాతి సంగతి ఎవరూ ఎత్తరు. నువ్వు సుకుమారుడివి, ఒంటిపొర చెప్పులు వేసుకో అన్నాడు బుద్ధుడు. ఎనభై బండ్ల బంగారం వదిలొచ్చినవాడు చెప్పులకు ఆశపడ్డాడంటారు, సంఘమంతటికీ ఇస్తేనే వేసుకుంటానన్నాడు సోణుడు. అందరికీ అనుమతి వచ్చింది. అతను భయపడ్డది సుఖానికి కాదు, ప్రత్యేకతకి. ఖరీదైన బూట్లు చూపించుకునేవాడికీ, పగిలిన మడమలు చూపించుకునేవాడికీ ఆ భయం ఉంటే బాగుండును.

భిక్షువుల నియమాలు చెప్పే మహావగ్గంలో ఇంకా ఉంది. పలుపొరల చెప్పులు కొత్తవి కూడదు, ఒకరు తొడిగి విడిచినవి అయితే సరే. అవంతి దక్షిణాపథంలో నేల గట్టిది, పశువుల గిట్టలు పడి గరుకెక్కింది అని విన్నవిస్తే, సరిహద్దు దేశాలన్నిటా పలుపొరలకు ఒప్పుకున్నాడు. నియమం నేలను బట్టి మారింది!

కొత్తది కూడదన్న మాట బూట్ల విషయంలో మరీ నిజం. మధ్యపొర పాలీయురెథేన్‌దైతే, అపురూపంగా పెట్టెలో దాచినా కొన్నేళ్లకు గాలి తేమకే పొడిపొడిగా రాలిపోతుంది. కాబట్టి కొని దాచకండి, తొడగండి. కుట్టిన సోలైతే అరిగాక కొత్తది వేయించుకోవచ్చు. పాదాలు కాస్త ఉబ్బి ఉండే సాయంత్రం పూట, కొండకు వేసుకెళ్లే సాక్సులతోనే తొడిగి చూడాలి. దిగేటప్పుడు పాదం ముందుకు జారుతుంది, వేళ్ల ముందు వేలెడు ఖాళీ లేకపోతే గోళ్లు నల్లబడతాయి. నూలు సాక్సులు చెమట పట్టి తడిగా ఉండిపోతాయి, వాటివల్ల పొక్కులు ఎక్కువ. ఉన్నివి నయం. వాటర్‌ప్రూఫ్ అన్న చీటీకి నేను పెద్దగా విలువివ్వను. వాగులో నీళ్లు పైనుంచి దిగితే లోపలే ఉండిపోతాయి.

మొక్కుకుని వట్టికాళ్లతో వచ్చిన తల్లికి ఇవేవీ చెప్పను. ఆమె కాలు, ఆమె దేవుడు, నడుమ నేనెవర్ని? ఆమె చెయ్యి పట్టుకుని కుంటుతున్న పిల్లాడుంటే మాత్రం ఊరుకోను. "వాడికి చెప్పులు తొడగమ్మా, మొక్కుకున్నది నువ్వు" అంటాను. కొందరు తొడుగుతారు. కొందరికి కోపం వస్తుంది.